బెల్లం పూసిన హీటరు

పోయిన నెలలో రూతత్త మా ఇంటికొచ్చి, నా వంటింట్లో, నన్నొక్క మాటైనా అడక్కుండా అరిసెల పాకం పెట్టింది. రూతత్త అంటే మా నాన్న చెల్లెలు. ఆవిడకి ఎవరి వంటిల్లయినా తనదే. బెల్లం కరిగి, నురగ లేచి, రంగు ముదిరి, ఇంకొక్క క్షణం ఆగితే మాడిపోతానని బెదిరించే వేళ ఒక వాసన వస్తుంది చూడండి, ఆ వాసనకి అందరికీ పండగలు గుర్తొస్తాయి. నేను మాత్రం లేచి వెళ్లి కిటికీలన్నీ తెరిచి, చీమలేమైనా ఉన్నాయా అని నేలంతా చూసొచ్చాను. హాల్లో కూర్చున్న నాన్న ఎవరూ పిలవకుండానే లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, వీధి అరుగు మీదికి వెళ్లిపోయాడు. నాకు ముప్ఫై దాటాయి, బ్యాంకులో కౌంటరు అవతలివాళ్లు నన్ను మేడమ్ అంటారు, అయినా ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. దానికి కారణం ఒక కారు హీటరు. అనకాపల్లిలో కారు హీటరేమిటి అని మీరు అడగొచ్చు. అప్పట్లో ఊరంతా అదే అడిగింది.

నా చిన్నప్పుడు, అంటే రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, మా ఊళ్లో చలికాలం వచ్చిందని చలి చెప్పేది కాదు, బెల్లం చెప్పేది. డిసెంబరు వచ్చేసరికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి బెల్లం దిమ్మలు బళ్ల మీదా లారీల మీదా దిగుతూ ఉండేవి, మార్కెట్టు వైపు నడిస్తే చెప్పులు నేలకు అతుక్కుని ఒక్కో అడుగుకీ చప్పుడు చేసేవి, తేనెటీగలు మా స్కూలు కిటికీల దాకా వచ్చి, పాఠం మా కంటే శ్రద్ధగా విని వెళ్లేవి. మధ్యాహ్నాలు చెరకు గడలు నమిలి, ఆ పిప్పి ఎవరు ఎక్కువ దూరం ఊస్తారో పందెం వేసుకుని, సాయంత్రం తొక్కుడుబిళ్ల ఆడి, మోకాలు చెక్కుకుని ఇంటికెళితే అమ్మ ముందు తిట్టి, తర్వాత చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టేది. దెబ్బ తగిలితే బెల్లం, దగ్గొస్తే అల్లం కలిపిన బెల్లం, పరీక్షకు వెళ్తుంటే బెల్లం, మార్కులు తగ్గితే ఓదార్పుకి మళ్లీ బెల్లం. క్రిస్మస్‌కి మా మేడ మీద కాగితపు నక్షత్రం వెలుగుతుంటే, కింద అమ్మ గులాబీ పువ్వులు, కజ్జికాయలు వండుతూ, పాటలకి వచ్చిన చర్చి సంఘపు పిల్లలందరి జేబులూ నింపి పంపేది. బెల్లం నయం చేయలేనిది ఏదైనా ఉంటే అది రోగమే కాదని మా ఊరివాళ్ల నమ్మకం. ఈ నమ్మకమే మా కొంప ముంచింది గనుక ఇంత చెప్పుకొచ్చాను.

మా నాన్న హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేవాడు. విశాఖలో ఎవరో ఆఫీసరు వాడి వాడి విసిగిపోయిన ఒక తెల్ల కారు కొన్నాడు. దానికి ఏసీ ఉండేది. మా సంఘంలో కారున్నవాళ్లే తక్కువ, ఏసీ కారు మాదొక్కటే. ఆదివారం చర్చికి, మా మాటలో గుడికి, నడిచి వెళ్లే దూరమే అయినా, అద్దాలన్నీ బిగించుకుని, కారు చల్లబడేలోపే గుడి వచ్చేస్తుంది గనుక ఒక చుట్టు ఎక్కువ తిరిగి వెళ్లేవాళ్లం. అయ్యగారిని, అంటే మా పాస్టరుగారిని, ఎక్కడికైనా దింపాల్సి వస్తే ఆయన ముందు సీట్లో కూర్చుని ఆ గాలికి కళ్లు మూసుకునేవారు. అది ప్రార్థనో నిద్రో మేమెప్పుడూ అడగలేదు.

ఒక మే నెలలో ఆ ఏసీ పెద్దగా ఒకసారి అరిచి బిగుసుకుపోయింది. బాగుచేయడానికి ఎంతవుతుందో మెకానిక్కు చెప్పాడు. నాన్న కిటికీ అద్దం దించుకుని ఇంటికి వచ్చేశాడు. తర్వాత ఏసీని మొత్తం పీకించేశాడు. ఇంజిను మీద బరువు తగ్గిందని, కారు హాయిగా ఊపిరి పీలుస్తోందని మాకు చెప్పాడు. మేం మాత్రం ఉక్కతో ఊపిరాడక కూర్చున్నాం. ఏసీ లోపలి కాయిల్ పెరట్లో జామచెట్టు కింద చేరింది. మా కోడి దాని పక్కన గుడ్లు పెట్టేది. చల్లగా ఉంటుందేమో.

వానాకాలం రాగానే అసలు సంగతి బయటపడింది. నలుగురు ఎక్కితే చాలు, ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేసేది. నాన్న ఒక చేత్తో స్టీరింగూ ఒక చేత్తో జేబురుమాలూ పట్టుకుని నడిపేవాడు. ఎందుకిలా అని అడిగితే, భోజనాల దగ్గర మూడు గ్లాసులు వరసగా పెట్టి పాఠం చెప్పాడు. డాష్‌బోర్డు కింద మూడు గదులుంటాయట. మొదటి గదిలో గాలి ఊదే ఫ్యాను, మధ్య గదిలో ఏసీ కాయిల్, మూడో గదిలో ఇంజిను నుంచి వేడినీళ్లు తెచ్చుకునే హీటరు. ఫ్యాను గాలి మధ్య గది దాటి, హీటరు దాటి, అద్దం మీదికి వెళ్లాలి. ఏసీతో పాటు మధ్య గదిని కూడా పీకేశాం గనుక ఫ్యాను ఇప్పుడు అమ్మ కాళ్ల మీదికి ఊదుతోంది. ఇలా చెప్పి మధ్య గ్లాసు తీసి మంచినీళ్లు తాగేశాడు.

అంతటితో ఊరుకునేవాడే. కానీ ఆ ఏడు రూతత్త పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు కొండ మీద చింతపల్లిలో మాస్టారు. పెళ్లి అక్కడి గుళ్లోనే, జనవరిలో. జనవరిలో లంబసింగి ఘాట్ ఎక్కడమంటే తెలుసు కదా, పక్కనున్న మనిషి కూడా మంచులో కనపడడు. పెళ్లికొడుకువాళ్లు మర్యాదస్తులు, ఘాట్ రోడ్డు మాకు అలవాటే గనుక పెళ్లికూతురికి మా జీపు పంపిస్తాం అని కబురు చేశారు. నాన్న ముఖం చిన్నబోయింది. మా తాత పోయినప్పుడు రూతత్తకి పన్నెండేళ్లు. అప్పటినుంచీ నాన్నే చెల్లెల్ని సైకిలు మీద స్కూలుకి తిప్పాడు. ఒకసారి వానలో సైకిలు జారి ఇద్దరూ బురదలో పడ్డప్పుడు, ఏడుస్తున్న చెల్లెలితో, "నీ పెళ్లికి నా కార్లో గుడికి తీసుకెల్తాను సూడు" అన్నాడట. అప్పటికి ఆయనకి ఆ సైకిలు కూడా అద్దెదే. అలాంటి మాట ఇచ్చినవాడు ఇప్పుడు నిజంగా కారు ఉండి, వేరేవాళ్ల జీపు ఎక్కిస్తాడా? జీపు అక్కర్లేదని, మా కారుకి హీటరుందని కబురు పంపేశాడు. కబురు వెళ్లేనాటికి హీటరుంది గానీ, దాని దాకా గాలి వెళ్లే దారి లేదు.

మధ్య గది కట్టే పనికి మా అమ్మ అన్నయ్య ఇస్సాకు మావయ్యని పిలిచాడు. మావయ్య బెల్లం నిలవ చేసే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ప్రపంచంలో తనకి తెలియని పని ఉందని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఇద్దరూ ఆదివారం గుడి నుంచి వచ్చి, చొక్కాలు విప్పి, ఖాళీ నూనె డబ్బా కత్తిరించి, వంచి, డాష్‌బోర్డు కింద రెండు గదుల మధ్యా ఇరికించారు. డబ్బా మీది పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ముందు సీట్లో కూర్చున్నవాళ్ల మోకాళ్లకేసి నవ్వుతూ ఉండిపోయింది. ఇక అతుకుల సందులు మూయాలి. మెకానిక్కు ఇచ్చిన నల్లటి జిగురు ట్యూబు నాన్న చేతిలో సిద్ధంగా ఉంది.

"ఏటి బావా అది?" అన్నాడు మావయ్య, చచ్చిన ఎలకని చూసినట్టు.

"సందులు మూసే జిగురు."

"రబ్బరది. వేడి తగిల్తే కంపు కొడతాది. కార్లో పెల్లికూతురుంటాది, కాలిన టైరు వాసనతో తీసుకెల్తావేటి గుడికి? బెల్లం సున్నం పెట్టు. మా తాత కట్టిన గోడ ఇంకా ఉంది. గునపం దిగదు."

నాన్న ఆగిపోయాడు. ఫిజిక్సు మాస్టారు కదా, వద్దంటాడని నేను ఎదురుచూశాను. ఆయన నాకేసి తిరిగి, "నిజమేనే పాపా, పాతకాలం కోటలు బెల్లం సున్నంతోనే కట్టేరు" అని నాకే పాఠం చెప్పాడు. అనకాపల్లిలో పుట్టినవాడికి ఫిజిక్సు చదివినా బెల్లం మీద అనుమానం రాదు. కోటలు కట్టినవాళ్లు ఆ సున్నం ఆరడానికి నెలలు ఆగారు. మా అత్త పెళ్లికి వారం కూడా లేదు. పైగా సున్నం బజారునుంచి తేవాలి, బెల్లం మావయ్య సైకిలు క్యారేజీ మీద బుట్టెడు ఉంది, అందుచేత పాళ్లు కొంత తీపివైపు మొగ్గాయి. సందులన్నీ నింపి, పైన ఇంకో పూత పూసి, చేతులు నాకి, ఇద్దరూ సంతృప్తిగా వెనక్కి నిలబడ్డారు. ఫ్యాను వేస్తే గాలి బుస్సున ముందు అద్దం మీదికి కొట్టింది. హీటరు వేసి చూద్దామన్న ఆలోచన మాత్రం ఇద్దరికీ రాలేదు. మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం వేడిగాలి వేసుకుని కూర్చునేవాళ్లెవరు? నేను మర్నాడు స్కూల్లో, మా కారుకి హీటరుంది అని చెప్పాను. ఎందుకు అన్నారు పిల్లలు. ఆ ప్రశ్నకి తలెగరేసి, వెళ్లి నా బెంచీలో కూర్చున్నాను.

పెళ్లిరోజు తెల్లవారుజామునే బయల్దేరాం. కొండ మీద చలికి చీర మార్చుకోవడం కష్టమని రూతత్తకి ఇంటిదగ్గరే తెల్ల పట్టుచీర కట్టేశారు. మేలిముసుగు మాత్రం అట్టపెట్టెలో పెట్టి నా ఒళ్లో ఉంచారు. ఘాట్ మలుపులకి అత్తకి వాంతులవుతాయి గనుక ముందు సీట్లో కూర్చోబెట్టారు, పొద్దుతిరుగుడు పువ్వుకి ఎదురుగా. వెనక మావయ్య, అమ్మ, నేను. తాళ్లపాలెం దాటి, నర్సీపట్నంలో టీ తాగి, కొండ ఎక్కడం మొదలుపెట్టేసరికి మంచు తెరలుతెరలుగా దిగింది, మా అయిదుగురి ఊపిరికీ అద్దం తెల్లబడిపోయింది. నాన్న గొంతు సవరించుకుని, "ఇప్పుడు సూడండి" అని మీట తిప్పాడు.

వెచ్చటి గాలి వచ్చింది. నిజంగా వచ్చింది. అద్దం కింది నుంచి అర్ధచంద్రాకారంలో తేటపడుతూ పోయి, రోడ్డూ, సిల్వరు ఓకు చెట్లూ, మంచులో ఒక ఆవూ కనిపించాయి. రూతత్త చేతులు చాపి వెచ్చబెట్టుకుంటూ, "అన్నయ్యా, ఏసీ కన్నా ఇదే బాగుంది" అంది. నాన్న కాస్త నిటారుగా కూర్చున్నాడు. జీవితంలో ఆయన్ని అంత గొప్పగా నేనెప్పుడూ చూడలేదు. రెండు మలుపులు అలా గడిచాయి.

"ఎవలో అరిసెలు ఒండుతన్నారు" అంది అమ్మ, గాలి పీలుస్తూ.

చుట్టూ అడివి. ఇల్లన్నది లేదు. మావయ్య కిటికీలోంచి బయటికి చాలా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు.

ముందు చీమలొచ్చాయి. ఆదివారం నుంచీ కారు షెడ్డులో ఆ డబ్బాని కనిపెట్టి, దాన్లో పిల్లాజెల్లాతో కాపురం పెట్టిన ఎర్రచీమలు, ఇల్లు కాలుతుంటే ఏం చేస్తాయి? గాలి వచ్చే ప్రతి కన్నంలోంచీ బయటికొచ్చాయి. అద్దం మీద, స్టీరింగు మీద, అత్త జడలోని పూల మీద. "ఓలమ్మో!" అని అమ్మ అరిచేలోపే పువ్వు బొమ్మ అంచునుంచి చిక్కటి గోధుమరంగు పాకం తీగలా జారి, తెల్ల పట్టుచీర కుచ్చిళ్ల మీద పడింది. ఇంకో చుక్క పడింది.

నాన్న కారాపి, వంగి, కారుతున్న సందుని అరచేత్తో మూశాడు. హీటరు కట్టేస్తే రోడ్డు కనపడదు, వేస్తే పాకం ఆగదు. "అద్దాలు దించీ బావా, ఆవిరీ పోతాది, సీమలూ పోతాయి" అన్నాడు మావయ్య. ఏసీ పాడైన రోజు నాన్న చేసిన ఉపాయమే అది. అలాగే దించుకున్నాం. లంబసింగి చలి లోపలికొచ్చింది, చీమలు బయటికి పోలేదు. నాన్న తల కిటికీలోంచి బయటపెట్టి, బెల్లం చేత్తో స్టీరింగు పట్టుకుని, ఎద్దుబండి కన్నా నెమ్మదిగా కొండెక్కించాడు.

ఇంత ఆలస్యమయ్యేసరికి పెళ్లికొడుకువాళ్ల జీపు మమ్మల్ని వెతుక్కుంటూ ఎదురొచ్చింది. ఏ జీపయితే అక్కర్లేదన్నామో అదే. డ్రైవరు దిగి, లైటు వేసి మా కారులోకి చూసి, మర్యాదగా అడిగాడు.

"ఏటండీ, సీమలా?"

"కొద్దిగా" అన్నాడు నాన్న.

ఆ డ్రైవరు వెళ్లి జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. నాన్న అత్తకేసి చూడలేదు, రోడ్డుకేసి చూస్తూ, "ఎల్లమ్మా, అందులో ఎచ్చగా ఉంటాది" అన్నాడు. నాకు ఆయన గొంతు గుర్తుంది. నేను మాత్రం మనసులో, అత్త వెళ్తే నేనూ వెళ్లిపోవచ్చు కదా అనుకుంటున్నాను.

రూతత్త మెడ మీది చీమని తీసి పారేసి, "మా అన్నయ్య కారుండగా జీపెందుకండీ" అని డ్రైవరుతో చెప్పి, కాళ్లు సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది. జీపు వెనక ఎర్రలైటు చూసుకుంటూ మేం చింతపల్లి చేరాం. గుడి ముందు ఆగేసరికి ఆ డ్రైవరు చెప్పాల్సినవాళ్లందరికీ చెప్పేశాడు. పెళ్లికొచ్చిన జనమంతా పందిట్లోంచి లేచి కారు చుట్టూ చేరారు. ఒకడు తలుపు మీద వేలు రాసి నాకి, "బెల్లమేరా!" అని సాక్ష్యం చెప్పాడు. పెద్దవాళ్లు నవ్వకుండా ఉండడానికి పడుతున్న కష్టం, పిల్లల నవ్వుకన్నా ఘోరంగా ఉంది. అత్తనీ నాన్ననీ అమ్మనీ ఎవరో పక్కనున్న పాస్టరుగారి ఇంటికి తీసుకెళ్లారు. నేను సీటు కిందికి జారి, మేలిముసుగు కూడా వాళ్లకిచ్చేసి, ఇక దిగనన్నాను. ఇస్సాకు మావయ్య నాతోపాటు కార్లోనే ఉండిపోయాడు. "నీకు తోడుంటానే గుంటా" అన్నాడు గానీ, ఆయనకీ దిగే ముఖం లేదు. గంట కొట్టాక, అందరూ లోపలికి వెళ్లారని రూఢి చేసుకుని, ఇద్దరం వెళ్లి ఆఖరి వరసలో నిలబడ్డాం.

తాత లేడు గనుక అత్తని నాన్నే నడిపించుకొచ్చాడు. కుచ్చిళ్ల అంచున తడి మరక, నాన్న కోటు కాలరు మీద ఒక చీమ. ఈ వధువును ఈ వరునికి ఇచ్చేదెవరని పాస్టరుగారు అడిగారు. నేనే అని నాన్న అత్త చెయ్యి తీసుకెళ్లి పెళ్లికొడుకు చేతిలో పెట్టాడు. పెట్టి, వదల్లేదు. పాస్టరుగారు ఆగారు. పెళ్లికొడుకు ఆగాడు. పాట వాయించే అబ్బాయి తొందరపడి మొదలుపెట్టి మళ్లీ ఆపేశాడు. నాన్న చెయ్యి అక్కడే ఉంది. కొండమీది ఆడవాళ్లు ముక్కులు తుడుచుకోవడం మొదలుపెట్టారు. కొంతసేపటికి రూతత్తే రెండో చేత్తో ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

తిరుగు ప్రయాణంలో మేం అడక్కుండానే నాన్న చెప్పాడు: "బెల్లం అతుక్కుపోయింది." మావయ్య పగలబడి నవ్వాడు, అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు పడ్డ సిగ్గంతా ఆ నవ్వులో కొంత కరిగింది. తర్వాత ఇన్నేళ్లుగా, చింతపల్లి చుట్టాలు ఎక్కడ కలిసినా, "అన్నంటే ఆయనండీ, సెల్లెల్ని వదల్లేకపోయేడు" అంటూనే ఉన్నారు. నాన్న తల దించుకుంటాడు. నేను వెంటనే బెల్లం సంగతి చెప్పి అందర్నీ నవ్విస్తాను. కాలేజీలో చెప్పాను, బ్యాంకులో చెప్పాను, నా పెళ్లిలో మైకులో కూడా చెప్పాను.

పోయిన నెల, ఆ పాకం దగ్గర, రూతత్తకి కూడా అదే చెప్పబోయాను. "నాకీ వాసనొస్తే నీ పెళ్లే గుర్తొస్తుందత్తా. నాన్న చేతికి బెల్లం అంటుకుని..."

అత్త గరిటె ఆపింది. "ఏ బెల్లమే?"

"నీ చెయ్యి వదల్లేదు కదా, ఆ బెల్లం."

"బెల్లమెక్కడుందే అప్పటికి? పాస్టరమ్మగారు బకెట్టుడు ఏన్నీల్లూ సబ్బూ ఇచ్చేరు. నా సీర మీ అమ్మ కడిగింది, మీ నాన్న సేతులు నేనే తోమేను, గోళ్ల సందులు కూడాను. అప్పుడు కూడా, నన్ను సెమించమ్మా, జీపు పంపుతామంటే ఒద్దన్నాను, అనే సెప్తన్నాడు." పాకం చూసి పొయ్యి కట్టేసింది. "నువ్వు ఆ కార్లో దాక్కున్నావు కదా. నీకెలా తెలుస్తాది?"

ఆ కారు తుక్కు కింద ఏనాడో పోయింది. ఇస్సాకు మావయ్య పోయి కూడా చాలాకాలమైంది. చివరిదాకా తప్పు బెల్లానిది కాదు, సున్నానిదే అన్నాడు. జామచెట్టు ఉన్నచోట ఇప్పుడు నా స్కూటరు పెట్టుకుంటున్నాను. మార్కెట్టు రోడ్డు సిమెంటు చేశారు, చెప్పులు అతుక్కోవు. ఇప్పటి కార్లలో ఏసీ, హీటరు ఒకే మీటలో ఉంటాయి, ఎటు తిప్పాలో తెలియనివాళ్లు లేరు, అడివి మధ్యలో అరిసెల వాసన ఇక ఎవరికీ రాదు.

వేడి అరిసె ఒకటి పళ్లెంలో పెట్టుకుని అరుగు మీదికి వెళ్లాను. నాన్న పక్కన పెట్టి, "ఆ రోజు గుళ్లోకి వెళ్లేముందు చేతులు కడుక్కున్నావంట కదా నాన్నా" అన్నాను.

ఆయన వీధికేసి చూస్తూనే ఉన్నాడు. "కడిగితే పోతాదేటే బెల్లం?" అన్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, కుడి అరచెయ్యి నిదానంగా, వేళ్ల సందుల్లోకీ వెళ్లేలా తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అరిసె ఇంకా ముట్టుకోలేదు.